నీళ్ళా, నూనెనా

మా చెల్లెలి మొగుడు మీటరు ఒక మాట రెండోసారి చెప్పడు. నా నష్టమంతా అక్కడే మొదలైంది. ఒకసారి చెబుతాడు, అదీ సగం గొంతులోనే ఉండిపోయేట్టు. వింటే విన్నట్టు, లేదంటే తువ్వాలు భుజాన వేసుకుని బయటికెళ్ళి నిలబడతాడు. మొహమాటం అంటుంది మా చెల్లెలు. పొగరు అంటాను నేను. వాళ్ళకి పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది, ఈ సంగతి ఇంకా తేలలేదు.

మీటరు అన్నది నేను పెట్టిన పేరు. బండి నడిపేటప్పుడు రోడ్డు మీద ఒక చూపు ఉంటే డాష్‌బోర్డు మీద రెండు చూపులుంటాయి అతనికి. ఇంజిను వేడి, డీజిలు, స్పీడు, ఇంజిను చుట్లు, ఏ ముల్లు ఏ పూట ఎక్కడుందో అడక్కుండానే చెబుతాడు. పొయ్యి మీది పాలగిన్నెకి కూడా ఒక ముల్లు ఉంటే బాగుండునన్నట్టు దాని ముందు నిలబడతాడని మా చెల్లెలే నవ్వుతుంది. నేను చేత్తో చూసేవాణ్ణి. ఏడో తరగతి మధ్యలో బడి మానేసి మా నాన్న షెడ్డులో చేరాను. అప్పట్నుంచి ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇంజిను మీద చెయ్యి వేసి, వాసన చూసి, చెవి పెట్టి విని చెబుతున్నాను. పదిసార్లలో తొమ్మిదిసార్లు తప్పలేదు. ఇది పదోసారి కథ.

బండి అతనిది. ఇరవై రెండేళ్ళ పాత పికప్పు. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనక పైకప్పు లేని తొట్టి. గేరు కర్ర లాగే పని లేదు, గేర్లు దానంతటదే మార్చుకునే రకం. అలాంటి గేరుబాక్సున్న బండ్లు మా షెడ్డుకి ఏడాదికి రెండో మూడో వస్తాయి. వచ్చినప్పుడు నేను తెలియదని చెప్పను. తెలియదన్న మాట మా షెడ్డులో మా నాన్న హయాం నుంచీ లేదు.

మా నాన్న హయాం నుంచీ ఉన్నది ఒక రేకు బోర్డు. లోపలికి రాగానే ఎదురుగోడ మీద కనబడుతుంది. తెల్ల రంగు మీద ఎర్ర అక్షరాలు: "డ్రైవర్లు జబ్బు మాత్రమే చెప్పవలెను. వైద్యం చెప్పరాదు." ఎవరైనా డ్రైవరు వచ్చి ఆ పంపు మార్చండి, ఈ పైపు విప్పండి అని మొదలుపెడితే మా నాన్న నోరు తెరవకుండా స్పానరుతో బోర్డు వైపు చూపించేవాడు. నేనూ అంతే. బండి కింద దూరినవాడిదే మాట, బయట నిలబడినవాడు ఊ కొట్టాలి. మా షెడ్డులో పద్ధతి అది.

ఊరికి ఉత్తరాన ఉన్న కొండ మీద పెద్ద ఆసుపత్రి కడుతున్నారు. పైన బోరు వేస్తే రాయి తప్ప నీటి చుక్క రాలేదు. కింది నుంచి మొయ్యాలి. ఆ పని మీటరుకి దొరికింది. పికప్పు వెనక రెండు చక్రాల నీళ్ళ ట్యాంకు తగిలించి రోజుకి నాలుగు ట్రిప్పులు, మూడు నెలలు. నడిపేది అతను, బండి బాగోగులు నావి, వచ్చినదాంట్లో చెరి సగం. సైటు సూపర్వైజరు పెట్టిన షరతు ఒక్కటే. వరసగా మూడు రోజులు నీళ్ళు రాకపోతే నాలుగో రోజు వేరే బండి వస్తుంది.

నా సగం దేనికో ముందే అనుకుని ఉంచాను. మా షెడ్డు అద్దె షెడ్డు. స్థలం మనిషి అక్కడ వరసగా దుకాణాలు కడతానని, ఏడాది చివరికి ఖాళీ చెయ్యమని చెప్పేశాడు. లారీలు తూచే కాటా వెనక ఒక ముసలి వడ్రంగికి ఖాళీ స్థలం ఉంది. మాట్లాడుకున్నాం, అడ్వాన్సు ఇచ్చాను. నీళ్ళ పని మూడో నెల ఆఖరి తారీఖుకి మిగతాది ఇచ్చేస్తే స్థలం నాది. మా ఆవిడ అప్పటికే నాలుగుసార్లు వెళ్ళి అడుగులో అడుగు వేసి కొలుచుకొచ్చింది. షెడ్డు ఇక్కడ, గది అక్కడ, కుళాయి ఆ మూల అనుకుని నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టింది.

"ఇక్కడైతే మీరు ఎంత అరిచినా ఫరవాలేదండీ, కాటా మీద లారీల మోతలో ఎవరికీ వినబడదు," అంది.

"అరవడానికి ఇంత దూరం ఎందుకు, ఉన్నచోట అరవట్లేదా?" అన్నాను.

"ఉన్నచోట అద్దె కడుతూ అరుస్తున్నారు. ఇక్కడ ఊరికే అరవచ్చు."

మొదటి నెల సాఫీగా గడిచింది. రెండో నెల సగంలో బండి కాగడం మొదలుపెట్టింది.

కొండదారి పద్దెనిమిది కిలోమీటర్లు. నిట్టనిలువుగా ఉండదు. అరవై స్పీడులో ఆగకుండా లాక్కుపోయే ఏటవాలు. ఎనిమిదో కిలోమీటరు దాకా బండి బాగానే ఉంటుంది. పదో కిలోమీటరు దగ్గర వేడి ముల్లు కదులుతుంది, పన్నెండుకి ఎర్ర గీత దగ్గరికి వస్తుంది, పదమూడుకి బానెట్టు సందుల్లోంచి ఆవిరి. కాసేపు ఆపితే చల్లబడుతుంది. ఖాళీ ట్యాంకుతో కిందికి వచ్చేటప్పుడు ఏ గొడవా లేదు. ఊళ్ళో ఎంత తిప్పినా లేదు.

నేను చెయ్యాల్సిన వరసలో చేసుకుంటూ పోయాను. మొదట రేడియేటరు మూత మార్చాను. మూత వదులైతే నీళ్ళు తొందరగా మరుగుతాయి. లాభం లేదు. తర్వాత థర్మోస్టాట్ విప్పాను. ఇంజిను వేడెక్కాక నీళ్ళకి దారి తెరిచే చిన్న కవాటం అది. ఇంటికి పట్టుకెళ్ళి గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి అందులో వేశాను. తెరుచుకుంటుందో లేదో అలాగే చూడాలి.

మా ఆవిడ వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది. "రాత్రికి ఇదేనా కూర?"

"వేడికి తెరుచుకుంటుందా లేదా అని చూస్తున్నాను."

"మీ నోటికన్నా ముందు తెరుచుకుంటుందేమో చూడండి. ఆ గిన్నె మాత్రం ఇక షెడ్డుకే పట్టుకెళ్ళిపోండి."

తెరుచుకుంది, సరిగ్గా తెరుచుకోవాల్సినప్పుడే. అయినా కొత్తది వేశాను. లాభం లేదు. రేడియేటరు దింపి, రేకుల సందుల్లో చిక్కుకున్న పురుగులూ దుమ్మూ నీళ్ళు కొట్టి కడిగాను. లోపల తుప్పు కడిగాను. వాటర్ పంపు విప్పి చూశాను, రెక్కలు కొత్తవాటిలా ఉన్నాయి. ఫ్యాను క్లచ్ చేత్తో తిప్పి చూశాను, పట్టుగానే ఉంది. ఒక్కో పని చేశాక బండి కొండెక్కడం, పదమూడో కిలోమీటరు దగ్గర ఆగడం. రోజుకి నాలుగు ట్రిప్పులు కాస్తా రెండయ్యాయి. ఆ రెండు కూడా సగం ట్యాంకుతో, దారిలో రెండుచోట్ల ఆపుకుంటూ.

మీటరు ఆ ఒక్క మాట చెప్పింది అప్పుడే. నేను బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. అతను ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నాకు అతని చెప్పులు మాత్రమే కనబడుతున్నాయి.

"బావగారూ, ముందు కాగుతున్నది నీళ్ళా, నూనెనా?"

"ఏం నూనె?"

"గేరుబాక్సు నూనె. ఇదివరకు అరవైలో పోతుంటే ఇంజిను చుట్ల ముల్లు రెండు వేల దగ్గర ఉండేది. ఇప్పుడు అదే అరవైలో రెండు వేల నాలుగు వందలు చూపిస్తోంది. ఇంజిను ఎక్కువ తిరుగుతోంది, బండి మాత్రం అంతే పోతోంది. మిగిలిన తిరుగుడు ఎక్కడో జారుతున్నట్టు. గేరుబాక్సు ముందు కాగి, అది నీళ్ళని కాగబెడుతోందేమో అని."

అతను ఒక్క గుక్కలో అంత మాట్లాడడం నేను ఎన్నడూ వినలేదు. సిద్ధం చేసుకుని వచ్చాడని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం నా ముక్కు మీద బురద రాలింది.

నేను బయటికి వచ్చి, స్పానరుతో ఎదురుగోడ వైపు చూపించాను.

అతను బోర్డు చదివాడు. అప్పటికి ఆ బోర్డు వెయ్యిసార్లు చూసి ఉంటాడు, అయినా మళ్ళీ అక్షరం అక్షరం చదివినట్టు చదివాడు. తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళాడు.

గేరుబాక్సు నూనె నేను చూడకపోలేదు. ఆ సాయంత్రమే నూనె మట్టం చూసే పుల్ల లాగి చూశాను. ఎర్రగా ఉండాల్సింది గోధుమరంగుకి తిరిగింది, మాడిన వాసన. కానీ నా దగ్గర దానికి జవాబుంది. ఈ రకం బండిలో గేరుబాక్సు నూనె చల్లబడడానికి రేడియేటరు అడుగు తొట్టిలోంచే పోతుంది. నీళ్ళూ నూనే ఒకే ఇంట్లో రెండు గదుల్లో ఉన్నట్టు. ఇంజిను కాగితే నీళ్ళు కాగుతాయి, నీళ్ళు కాగితే పక్కగదిలో నూనె కాగుతుంది. మాడిన వాసన అందుకే అనుకున్నాను. వేడి ఇటు నుంచి అటు వెళ్ళినట్టే అటు నుంచి ఇటు కూడా రావచ్చన్నది బండి బయట చెప్పుల మనిషి అన్న మాట కాబట్టి నా బుర్రకెక్కలేదు. నూనె పైపు మీద ఒకసారి, నీళ్ళ పైపు మీద ఒకసారి చెయ్యి వేసి చూస్తే తేలిపోయేది. ముప్పై ఎనిమిదేళ్ళుగా చేసింది ఆ పనే. కొండ ఎక్కుతున్న బండిలో నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఆగిన బండి షెడ్డుకి వచ్చేసరికి రెండూ ఒకేలా కాలుతుండేవి.

సోమవారం ఇంజిను నడుస్తుండగా రేడియేటరు మూత తీసి చూశాను. నీళ్ళలో బుడగలు రెండు పైకి తేలాయి. కాసేపాగి ఇంకొకటి. నాకు కావలసింది దొరికిందనుకున్నాను. ఇంజిను తలకాయకి, మొండేనికి మధ్య పట్టీ ఒకటి ఉంటుంది, హెడ్ గ్యాస్కెట్. అది పోతే మంట గాలి నీళ్ళలోకి దూరి బుడగలు వస్తాయి, బండి కాగుతుంది. మొన్ననే రేడియేటరు ఖాళీ చేసి మళ్ళీ నింపిన బండిలో ఇరుక్కున్న గాలి కూడా బుడగలుగానే వస్తుంది. ఒక పూట ఆగి మళ్ళీ చూస్తే తేడా తెలిసేది. నేను ఆగలేదు. పదిహేను రోజులుగా మూతలూ కవాటాలూ మార్చిన చేతికి పెద్ద పని కావాలనిపించింది.

సూపర్వైజరుకి ఫోను చేశాను. తలకాయ విప్పుతున్నామని, గురువారం దాకా బండి రాదని చెప్పాను.

"మంగళ, బుధ, గురు. మూడు రోజులు," అన్నాడు. "శుక్రవారం పొద్దున్న పదింటికి నీళ్ళు పైన ఉండాలి. సిమెంటు పని పెట్టుకున్నాం. నాకు మీ బండి చుట్టమూ కాదు, పక్కవాడి ట్యాంకరు పగా కాదు."

"పదింటికి ఉంటాయి," అన్నాను.

మంగళవారం పొద్దున్నే తలకాయ విప్పాను. బోల్టులన్నీ వదులు చేసి, పైపులు పీకి, ఇద్దరం చెరోపక్క పట్టుకుని ఎత్తి బల్ల మీద పెట్టాం. గ్యాస్కెట్ వైపు చూశాను. ఎక్కడా చిట్లలేదు, కాలిన మచ్చ లేదు. అలాంటి గ్యాస్కెట్ చూసినప్పుడు ఆగి ఆలోచించాలి. నేను తలకాయ వంగి ఉంటుందన్నాను. విప్పిన దానికి ఏదో ఒక కారణం ఉండి తీరాలి కదా. ఆటోలో వేసుకుని లేతు షాపుకి పట్టుకెళ్ళి, ముఖం చదును చేసి, వాల్వులు కూర్చి పెట్టమన్నాను. లేతు మనిషి ఇనప స్కేలు ఆనించి చూశాడు.

"వంపేం లేదుగా?"

"వెంట్రుకవాసి ఉన్నా ఉన్నట్టే. చెయ్యి."

"గురువారం సాయంత్రం రండి," అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం మా చెల్లెలు స్కూటరు మీద క్యారేజీ తెచ్చింది. తలకాయ లేని బండి నోరు తెరుచుకుని ఉంది. మీటరు బయట అరుగు మీద కూర్చుని బోల్టులు డీజిల్లో కడుగుతున్నాడు. నేను తింటున్నాను. మా చెల్లెలు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చింది.

"అన్నయ్యా, ఇంత విప్పావు కదా, పనిలో పని ఆ వెనక లైట్లు కూడా చూడరాదూ?"

"ఏ లైట్లు?"

"బ్రేకు లైట్లు. పోయినవారం మీ బావ క్యారేజీ మర్చిపోతే తీసుకుని కొండ మీదికి వెళ్ళాను. ఈయన ముందు పోతున్నాడు, నేను వెనక. మలుపులో ఉన్నట్టుండి ఆపాడు. లైటు వెలగదు, పాడు వెలగదు. ట్యాంకుకి గుద్దుకునేదాన్ని. నేను పోతే మీ ఇద్దరికీ అన్నం ఎవరు తెస్తారు?"

నేను ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాను.

ఆ లైట్లు వెలగకపోవడానికి కారణం నాకు తెలుసు. నేనే. వానల్లో ఒకరోజు మీటరు బండి తెచ్చాడు. బ్రేకు తొక్కకపోయినా వెనక ఎర్ర లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, బండి ఆపినా ఆరట్లేదు, తెల్లారేసరికి బ్యాటరీ చస్తోంది. బ్రేకు పెడలు దగ్గర బొటనవేలంత స్విచ్చి ఒకటి ఉంటుంది. అది పక్కకి జరిగి నొక్కుకుపోయింది. రెండు నిమిషాల పని. ఆ రోజు నా చేతిలో ఒక బస్సు క్లచ్ ఉంది. వెనక రెండు బల్బులూ పీకి, పెచ్చులూ పిన్నులూ వేసే బిస్కెట్టు డబ్బాలో పడేశాను. "ఇప్పటికి ఇలా పోనీ, తర్వాత చూద్దాం," అన్నాను. బ్యాటరీ బాగుపడింది. తర్వాత చూడడం మర్చిపోయాను.

ఇక్కడ గేరుబాక్సు సంగతి ఒకటి చెప్పాలి. ఈ రకం బండిలో ఇంజినుకి, గేరుబాక్సుకి మధ్య గుండ్రటి డొప్ప ఉంటుంది. దాని నిండా నూనె. ఇంజిను ఆ నూనెని తోస్తే ఆ తోపుకి గేరుబాక్సు తిరుగుతుంది. నూనె కాబట్టి కొంత జారుతుంది, జారినకొద్దీ కాగుతుంది. అందుకని బండి ఒక స్పీడు అందుకోగానే డొప్ప లోపల ఒక పట్టు పడి, జారుడు ఆగిపోతుంది. బ్రేకు తొక్కితే మాత్రం ఆ పట్టు వదలాలి, లేకపోతే ఇంజిను ఆగిపోతుంది. బ్రేకు తొక్కిన సంగతి దానికి చెప్పేది ఎర్ర లైటు వెలిగించే ఆ స్విచ్చే. స్విచ్చి నొక్కుకుపోయి ఉంటే, డ్రైవరు బ్రేకు మీద కాలు తీయనట్టే లెక్క. పట్టు ఎప్పటికీ పడదు. ఖాళీ బండిలో, ఊళ్ళో, తేడా తెలియదు. నీళ్ళ ట్యాంకుతో కొండెక్కితే పద్దెనిమిది కిలోమీటర్లూ నూనె జారుతూ కాగుతుంది. కాగిన నూనె రేడియేటరు అడుక్కి వెళ్ళి నీళ్ళని కాగబెడుతుంది. మొదటి నెల నూనె మంచిది కాబట్టి తట్టుకుంది, అది మాడేకొద్దీ కాగడం పెరిగింది.

ఇది నాకు తెలియని విషయం కాదు. అది ఇంకా కష్టంగా ఉంది.

చెయ్యి కడుక్కుని డబ్బా వెతికాను. బల్బులు అడుగున ఉన్నాయి, జిడ్డు పట్టి. తుడిచి తీసుకెళ్ళి వెనక లైట్లలో పెట్టాను. ఒక్కోటి తిప్పగానే ఒక్కోటి వెలిగింది. బండిలో మనిషి లేడు. ఇంజినుకి తలకాయ లేదు. పట్టపగలు షెడ్డులో ఆ రెండు ఎర్ర లైట్లూ అలా వెలుగుతూ ఉన్నాయి.

"వెలుగుతున్నాయే! ఇంతేనా పని?" అంది మా చెల్లెలు సంబరంగా.

మీటరు లేచి వచ్చాడు. లైట్ల వైపు చూశాడు, ఖాళీగా ఉన్న డ్రైవరు సీటు వైపు చూశాడు. అతనికీ అర్థమైంది.

"ఆ రెండు వేల నాలుగు వందలు ఎప్పట్నుంచి?" అడిగాను.

"వానల నుంచి బావగారూ."

"వానల నుంచా! మరి గట్టిగా చెప్పి ఏడవచ్చుగా?"

"చెప్పాను."

"ఒక్కసారి చెప్పావు. గొణిగావు."

అతను బోర్డు వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు కోపం తెచ్చుకోవడం సులువయ్యేది. "లైట్లు ఎప్పుడు పెడదామని కూడా అడిగాను, పండ్ల మార్కెట్టు దగ్గర. మీకు గుర్తుండదు," అన్నాడు. వెళ్ళి మళ్ళీ బోల్టుల డబ్బా దగ్గర కూర్చున్నాడు.

"ఏమైంది? ఎవరైనా చెబుతారా నాకు?" అంది మా చెల్లెలు. నేను బ్రేకు పెడలు దగ్గరికి వంగాను. ఆమె ఖాళీ క్యారేజీ తీసుకుని, "మీ బావాబావల మాటలు మీకే తెలియాలి," అని స్కూటరు స్టార్టు చేసింది.

స్విచ్చి జరిపి సరిచెయ్యడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పెడలు వదిలితే లైట్లు ఆరాయి, తొక్కితే వెలిగాయి. తలకాయ బండి మీదే ఉండి ఉంటే ఆ మధ్యాహ్నమే ట్యాంకు నింపుకుని వెళ్ళేవాళ్ళం. నేరుగా లేతు షాపుకి వెళ్ళాను. తలకాయ బల్ల మీద బోర్లా ఉంది. వాల్వులన్నీ ఊడదీసి వరసగా గుడ్డ మీద పరిచి ఉన్నాయి. ముఖం సగం చదునయ్యింది, సగం పాతది.

"ఆపి, ఉన్నది ఉన్నట్టు కూర్చి ఇచ్చెయ్యి," అన్నాను.

"సగం గీసిన ముఖం ఎలా బిగిస్తారు? నీళ్ళు నూనెలోకి, నూనె నీళ్ళలోకి. మీరే కదా వెంట్రుకవాసి ఉన్నా ఉన్నట్టే అన్నారు?"

"ఎప్పుడిస్తావు?"

"గురువారం సాయంత్రం అన్నాగా. మీరు నిలబడి చూస్తే శుక్రవారం అవుతుంది."

నేను నిలబడలేదు. అయినా శుక్రవారమే అయింది. గురువారమంతా ఆ వీధిలో కరెంటు లేదు. శుక్రవారం పొద్దున్న పదింటికి నేను లేతు షాపు గుమ్మంలో ఉన్నాను. పన్నెండున్నరకి తలకాయ నా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వస్తుంటే సూపర్వైజరు ఫోను చేశాడు. నేను ఎత్తలేదు.

శనివారం మధ్యాహ్నానికి బిగించాం. గేరుబాక్సు నూనె మార్చాను. ట్యాంకు నింపి తగిలించాం. మొదటిసారి నేను మీటరు పక్కన కూర్చున్నాను. కొండ మొదట్లో ముల్లు రెండు వేల నాలుగు వందల దాకా వెళ్ళింది. అరవై అందుకున్నాక బండి ఒక చిన్న కుదుపు కుదిపింది. బరువు దింపుకున్న మనిషి నిట్టూర్చినట్టు ఇంజిను గొంతు తగ్గింది. ముల్లు రెండు వేలకి దిగి అక్కడే నిలబడింది. ఎనిమిదో కిలోమీటరు, పది, పదమూడు. ప్రతిసారీ ఆవిరి వచ్చే మలుపు దాటిపోయింది. వేడి ముల్లు సగం దగ్గర నుంచి కదల్లేదు. మీటరు రోడ్డు మీద ఒక చూపు, ముళ్ళ మీద రెండు చూపులు వేస్తూ నడిపాడు. నేను ముళ్ళే చూస్తూ కూర్చున్నాను.

పైన గేటు దగ్గర నీలం రంగు ట్యాంకరు నిలబడి ఉంది. మా ట్యాంకుకి రెండింతలుంటుంది. గొట్టం తగిలించి తొట్టిలోకి నీళ్ళు వదులుతున్నారు.

సూపర్వైజరు వచ్చి కిటికీ మీద చెయ్యి పెట్టాడు. "నిన్న పదిన్నరకే వచ్చింది అది. మీ బండి బాగైందా?"

"బాగైంది," అన్నాడు మీటరు.

"సంతోషం. తెచ్చారు కాబట్టి ఈ ఒక్క ట్యాంకు మొక్కలకి పొయ్యండి. రేపట్నుంచి వద్దు."

మొక్కలు ఇంకా నాటలేదు. గుంతలు తవ్వి ఉన్నాయి. ఆ గుంతల్లో పోశాం.

మూడో నెలాఖరున వడ్రంగి ముసలాయన కబురు చేశాడు. వెళ్ళాను. ఇంకో నెల ఆగమని అడిగాను. ఆయన రంపం పక్కన పెట్టి, "ఆగాలనే ఉంది నాయనా. కాటా ఆయన మొత్తం ఒకేసారి ఇస్తానంటున్నాడు. నా వయసులో నెల అంటే చిన్న మాటా?" అన్నాడు. అడ్వాన్సు పైసా మిగల్చకుండా తిరిగి ఇచ్చేశాడు. మింగేసి ఉంటే తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు.

అంతకుముందే, నీళ్ళ పని పోయిన వారంలోనే మీటరు షెడ్డుకి వచ్చాడు. నేను బోర్డు కింద కూర్చుని ఉన్నాను.

"నీలం ట్యాంకరుకి కొండదారి తెలిసిన డ్రైవరు కావాలంటున్నారు బావగారూ. వెళ్ళమంటారా?"

రెండోసారి అడుగుతాడేమో అని చూశాను. అడగలేదు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు ఆ ట్యాంకరు మా షెడ్డు ముందు నుంచి పోయింది, అతనే నడుపుతున్నాడు. మలుపు దగ్గర ఆగినప్పుడు వెనక ఎర్ర లైట్లు రెండూ శుభ్రంగా వెలిగాయి.

ఏడాది చివర షెడ్డు ఖాళీ చేశాను. ఇప్పుడు నాకంటే పదేళ్ళు చిన్నవాడి గ్యారేజీలో కూలికి చేస్తున్నాను. అక్కడ గోడ మీద బోర్డులేమీ లేవు. డ్రైవర్లు వచ్చి నోటికొచ్చిన వైద్యం చెబుతుంటారు, నేను బండి కింద పడుకుని వింటుంటాను. మా నాన్న బోర్డుని మడతపెట్టి పాత సామాన్లకి వెయ్యలేదు, గోడకి తగిలించనూ లేదు. మంచం కింద ఉంది.

మా ఆవిడ ఒకరోజు నాకు చెప్పకుండా కాటా వెనక్కి వెళ్ళి ఇటుకలు తెచ్చేసుకుంది. మూడే దొరికాయట. నాలుగోది ఉండాల్సిన చోట కాటా ఆయన పునాది తవ్వుతున్నాడు. మూడింటినీ గ్యాసు బండ కింద పెట్టింది.

ఆ స్థలం యాభై అడుగుల పొడవు, ముప్పై అడుగుల వెడల్పు. నూట అరవై ఆరు గజాల ఆరు అడుగులు.